సంత ఎవరిది, సరకు ఎవరిది?

సాలూరు పరిసరముల మన్యపు సంతలను చూచినవారికి ఒక విషయము తెలియును. కొండ దిగి వచ్చిన రైతు చింతపండో, పసుపో, అల్లమో, కొండచీపుళ్లో తెచ్చి గోనెపట్టాపై పెట్టుకొని కూర్చుండును. ఆశీలు గుత్తకు తీసికొనినవాడు వచ్చి, తనకు రావలసిన పైకము పుచ్చుకొని, చీటీ ఇచ్చి పోవును. ఆతడెంత గడుసువాడైనను రాశిలో చేయి పెట్టి “ఇది ఈ ఏటి చింతపండు కాదు, నిరుటిది” అని కొనువారితో చెప్పడు. రైతు చెప్పిన ధరను కాదని తాను వేరొక ధర కేక వేయడు. ఒక వారము రైతు సంతకు రాక ఇంటివద్దనే అమ్ముకొనినచో, ఆతని పేరు చెప్పి వేరొక రాశి పోసి కూర్చుండడు. ఆశీలు చోటుకు మాత్రమే. సరకును గురించిన మాట సరకు గలవానిదే.

అట్లని పాత సంతలో అంతయు ధర్మమే నడచినదని మేము చెప్పబోవుట లేదు. షావుకారు ముందుగా ఇచ్చిన అప్పు, పంట చేతికి రాకమునుపే పంట ధరను తేల్చివేసెడిది. కుంచములలోని తేడాలు, తవ్వలలోని తేడాలు లోకమెరిగినవే. ఏజెన్సీ ప్రాంతములలో వడ్డీని, భూముల బదిలీని అదుపు చేయుటకు 1917లోనే చట్టము వచ్చినది. 1956లో విశాఖపట్నము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడి, అటవీ ఫలసాయమును గిరిజనుల వద్ద నేరుగా కొనసాగినది. దొంగ తూకమునుండి రక్షణ దొరకినది. కొనువాడు మారెను గాని ధర చెప్పు నోరు మారలేదని అన్నవారును లేకపోలేదు. రేడియో కేంద్రములు గ్రామస్థుల కార్యక్రమములో బజారు ధరవరలు చదువుచు వచ్చినది ఇందులకే. ధర ముందుగా తెలిసిన రైతును మోసగించుట కొంచెము కష్టము.

ఇపుడు మనయందరి చేతులలోని ఫోనులలో మరియొక సంత వెలసినది. అందును ఆశీలు కలదు. దానిని కమిషను అందురు. అయితే ఈ సంత యజమాని చీటీ ఇచ్చి ఊరకే పోవువాడు కాడు. నేటి మా ప్రసంగ విషయమిదియే.

ముందుగా ఒక మాట వివరింపవలసియున్నది. ఆన్‌లైను అంగడిలో సరకు కంటికి కనబడదు, చేతికి తగులదు. సరకు పేరు, బొమ్మ, వర్ణన, ధర, నిల్వ ఎంత ఉన్నదను లెక్క, ఇవి చేరిన ఒక పుట మాత్రమే కొనువానికి కనబడును. వ్యాపారులు దీనిని లిస్టింగు అందురు. మేము సరకు పుట అందుము. సంతలో రాశి ఎట్టిదో ఇక్కడ ఈ పుట అట్టిది. పుటలో ఒక మాట మారినయెడల సరకే మారినట్లు. కనుక ఆ పుటపై కలము ఎవరి చేతిలో నున్నదన్నది చిన్న ప్రశ్న కాదు.

చాలమంది అనుకొనునట్లు ఆ కలము పూర్తిగా అమ్మువాని చేతిలో లేదు. అమెజాన్ వంటి పెద్ద అంగళ్లలో ఒక సరకుకు ఒకటే పుట. మొదట ఆ పుటను వ్రాసినవాడు ఒకడైనను, అదే సరకును అమ్మదలచినవారందరును ఆ పుటకే వచ్చి చేరుదురు. వారు పంపిన వర్ణనలలో భేదము వచ్చినచో దేనిని నిలుపవలెనో అంగడి యంత్రము తేల్చును. కొనువాడు మీట నొక్కినపుడు ఆ బేరము ఏ విక్రేతకు పోవలెనో కూడ యంత్రమే నిర్ణయించును. ఈ మీటను గూర్చియే ఐరోపా కమిషను సంవత్సరముల తరబడి విచారణ జరిపి, 2022 డిసెంబరులో అమెజాన్ వద్ద కొన్ని హామీలు పుచ్చుకొనినది. విక్రేతల లోగుట్టు లెక్కలను తన సొంత వ్యాపారమునకు వాడుకొనరాదనుట వానిలో ఒకటి. మీట వద్ద విక్రేతలందరిని సమముగా చూడవలెననుట మరియొకటి.

అంగడివారి పక్షమునను న్యాయము లేకపోలేదు. ఒకే సబ్బుకు వేయి పుటలుండినచో కొనువాడు దారి తప్పును. నకిలీ సరకును, అతిశయోక్తిని, అక్షరదోషములను సరిదిద్దువారు ఒకరుండవలెను. సబ్బు, బ్యాటరీ, అచ్చుపుస్తకము వంటివి ఎక్కడ కొనినను ఒకటే గనుక, వీనికి ఉమ్మడి పుట హాని చేయదు. చిక్కు వచ్చునది చేతిపనియందు, పంటయందు.

దగ్గరి ఉదాహరణము చూతము. సాలూరు రైలు శాఖ బొబ్బిలి వద్ద చీలి వచ్చునది. ఆ బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణలు చేయుదురు. కుండయు దండియు ఒకే దుంగలో చెక్కినది ఏకాండ వీణ. వేరువేరు ముక్కలుగా చేసి కూర్చినది అతుకు వీణ. ఇవిగాక సభలలో జ్ఞాపికగా ఇచ్చు చిన్న వీణలు కలవు. మూడింటికిని బొబ్బిలి వీణయనియే పేరు. ఈ పేరునకు భౌగోళిక గుర్తింపు చట్టము క్రింద రక్షణయు కలదు. ఒక పనివాడు తన ఏకాండ వీణకు పుట వ్రాసెననుకొందము. యంత్రము పేరును మాత్రము చూచి దానిని జ్ఞాపిక పుటలో కలిపినచో ఏమగును? లేదా వర్ణన పొడవైనదని “ఒకే దుంగ” అను రెండు మాటలను కత్తిరించినచో? నెలల తరబడి చేసిన పనికి బొమ్మ ధర పలుకును. ఆ పుటనే నమ్మి అతుకు వీణ కొనినవాడు ఏకాండ వీణ రాలేదని తిప్పి పంపును. ఇది మా ఊహయే గాని, రెండు పుటలు కలిసిపోవుట, బొమ్మ మారిపోవుట, వర్ణన తరుగుట అనునవి ఆన్‌లైను అంగళ్లలో అమ్మువారు తరచుగా చెప్పు బాధలే.

ఇచట చట్టమేమనుచున్నదో చూడవలెను. 2020 జులైలో మన దేశమున వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నిబంధనలు వచ్చినవి. వాని ప్రకారము, పుటలోని వర్ణనయు బొమ్మయు సరకుతో సరిపోవునని ప్రతి విక్రేతయు అంగడికి హామీపత్రము వ్రాసి ఇయ్యవలెను. పుటలో చెప్పిన గుణములు సరకునందు లేనియెడల, తిరిగి తీసికొననని విక్రేత చెప్పరాదు. కొనువారి మేలు కోరి చేసిన నిబంధనలివి. మేము వానిని తప్పు పట్టుట లేదు. కాని హామీ వ్రాసినవాడు ఒకడు, వర్ణన మార్చగలవాడు వేరొకడు అయినపుడు ఆ హామీకి అర్థమేమి? మాట అంగడిది, పూచీ పనివానిది. వీణ గొల్లపల్లికి తిరిగి వచ్చినపుడు నష్టపోవునది పుటను మార్చిన యంత్రము కాదు. మా దృష్టిలో ఈ వ్యవహారమంతటికి ముడి ఇక్కడనే యున్నది.

ధర విషయములో మన ప్రభుత్వము కొంత ముందుగనే మేల్కొనినది. విదేశీ పెట్టుబడిగల ఆన్‌లైను అంగళ్లు సరకుల అమ్మకపు ధరను ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని ప్రభావితము చేయరాదని 2018 డిసెంబరులో వెలువడిన ప్రెస్ నోట్ చెప్పినది. 2019 ఫిబ్రవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. అయినను పండుగ తగ్గింపులు ఎవరి ఇష్టముతో జరుగునన్న వాదము తీరలేదు. కొందరు విక్రేతల పుటలనే ముందు చూపుచున్నారన్న ఫిర్యాదు మొదలైన వానిపై, పోటీ న్యాయముగా జరుగుచున్నదా అని చూచు కాంపిటీషన్ కమిషను 2020 జనవరిలో అమెజాన్, ఫ్లిప్‌కార్టులపై విచారణకు ఆదేశించినది.

సరకు పుటను చేజిక్కించుకొనుట ఎంత దూరము పోగలదో తెలియవలెనన్న హోటళ్ల వ్యవహారమును చూడవలెను. హోటలువాని సరకు గది. ప్రయాణమునకు ముందు ఫోనులో గది వెదకుట ఇపుడు మనయిండ్లలోను అలవాటైనది. మేక్‌మైట్రిప్, గోఐబిబో సంస్థలపై హోటలు యజమానుల సమాఖ్య కాంపిటీషన్ కమిషనుకు ఫిర్యాదు చేసినది. ఆ సంస్థల ఒప్పందము ప్రకారము హోటలువాడు తన గదిని మరియొకచోట, తుదకు తన సొంత వెబ్‌సైటులోనైనను, అంతకంటె తక్కువ ధరకు ఇయ్యరాదు. ఒప్పందము తెంచుకొని వెలుపలికి వచ్చిన హోటలు పుట కూడ మాయము కాక, గదులన్నియు నిండిపోయినట్లు చూపుచున్నదని మరియొక ఆరోపణ. గదులు ఖాళీగా నుండగా నిండినవనుట! సంతకు రాని రైతు సరకు అమ్ముడైపోయినదని ఆశీలువాడు చాటింపు వేసినట్లున్నది. 2022 అక్టోబరు 19న కమిషను తీర్పు చెప్పినది. ఆ రెండు సంస్థలకు కలిపి 223.48 కోట్ల రూపాయలు, వారితో కూడి పోటీ హోటళ్లను అంగడినుండి తొలగించు ఏర్పాటు చేసికొనిన ఓయోకు 168.88 కోట్ల రూపాయలు జరిమానా విధించినది. ఇకపై ఏదైన హోటలు తమవద్ద లేనిచో, ఒప్పందము ముగిసినందున లేదా, తమ వంతు గదులు అయిపోయినందున లేదా అన్నది స్పష్టముగా చెప్పవలెనని కూడ ఆజ్ఞాపించినది. ఈ తీర్పుపై అప్పీళ్లు దాఖలైనవి.

ఇంతకంటెను విచిత్రమైన సంగతి అమెరికాలో జరిగినది. 2025లో అమెజాన్ సంస్థ ఒక ప్రయోగము ప్రారంభించినది. తన అంగడిలో లేని సరకును ఇతరుల సొంత వెబ్‌సైట్లనుండి చూపి, కొనువాని పక్షమున యంత్రమే అచటికి పోయి కొనిపెట్టును. వినుటకు సేవవలెనే యున్నది. ఆ సంవత్సరాంతమునకు, కొందరు చిన్న దుకాణదారులు తాము ఎన్నడును చేరని అంగడిలో తమ సరకు పుటలు వెలసియుండుట చూచి ఆశ్చర్యపడిరి. అమ్ముట మానిన సరకునకు ఆర్డర్లు వచ్చినవని కొందరు చెప్పిరి. వివరములు బహిరంగముగా నున్నవే గనుక తీసికొంటిమనియు, వద్దనినచో తొలగింతుమనియు సంస్థ సమాధానము. అడిగి చేర్చుట వేరు, చేర్చి వద్దనిపించుకొనుట వేరు. మొదటిది మర్యాద; రెండవదానిని ఏమనవలెనో శ్రోతలే నిర్ణయింతురు గాక.

చేతిపనులకు పేరుపొందిన ఎట్సీ అను అంగడిలోను ఇట్టి గొడవయే. 2020లో ఆ సంస్థ విక్రేతల సరకును బయటి వెబ్‌సైట్లలో తానే ప్రకటించి, ఆ ప్రకటన ద్వారా జరిగిన అమ్మకముపై నూటికి 12 నుండి 15 వంతులు తీసికొను పద్ధతి పెట్టినది. ఏడాదికి 10,000 డాలర్లు దాటి అమ్మువారు అక్కరలేదనుటకు వీలులేదు. 2022 ఏప్రిలులో కమిషను నూటికి 5 నుండి 6.5కు పెరిగినపుడు వేలకొలది విక్రేతలు ఒక వారము దుకాణములు మూసిరి.

మరి అంత బాధయైనచో ఆ సంతకు పోనేల అని అడుగవచ్చును. సాలూరు లారీల ఊరు. అచటి యజమానులు దీనికి తేలికగా బదులు చెప్పగలరు. లోడు దొరకించు బ్రోకరు తన కమిషను తాను తీసికొనును. బాడుగ నచ్చనియెడల బండి కదలదు. పది మంది బ్రోకర్లుండువరకు ఈ మాట చెల్లును. ఊరికంతకు బ్రోకరు ఒక్కడే అయి, ఆతని చిట్టాలో లేని బండి సరకు పంపువారి కంటికే కనబడనినాడు, నచ్చనిదని చెప్పుటకు నోరు రాదు. ఆన్‌లైను అంగళ్లు ఒకటి రెండే మిగిలినచోట పనివాని స్థితి ఇదియే. అందుచేతనే ఐరోపాలో 2020 జులై 12 నుండి ఒక నియమము అమలులోనికి వచ్చినది. షరతులు మార్చుటకు కనీసము 15 దినములు ముందుగా విక్రేతకు తెలుపవలెను. దుకాణమును పూర్తిగా మూయునపుడు 30 దినములు ముందుగా కారణము వ్రాసి ఇయ్యవలెను. మన 2020 నిబంధనలలో ఫిర్యాదు అధికారి కలడు. 48 గంటలలో అందినదని చెప్పవలెను, ఒక నెలలో పరిష్కరింపవలెను. అయితే ఆ అధికారి కొనువాని కొరకు నియమితుడు. అమ్మువానికి అట్టి గడువు అందులో లేదు. ఇది పూడ్చవలసిన లోటని మా అభిప్రాయము.

ప్రభుత్వ ప్రోత్సాహముతో 2021 చివర ఏర్పడిన ఒ.ఎన్.డి.సి. అను సంస్థ వేరొక దారి త్రొక్కినది. ఇందులో విక్రేత ఒకచోట తన సరకు పుటను ఉంచును. అనేక కొనుగోలు యాప్‌లు దానిని చూపును. అనగా ఒకే రాశి పది సంతలలో కనబడును. ఒక యాప్ నచ్చకపోయినను తక్కినవి ఉండును. ఆలోచన మంచిది, చిన్న పనివారి వరకు ఎంతగా చేరునన్నది చూడవలసియున్నది.

అంతవరకు అమ్మువారు చేయదగిన పనులు కొన్ని కలవు. పుట వ్రాసిననాడే దానిని తేదీతో సహా ఫోటో తీసి ఉంచుకొనవలెను. వారమునకొకమారు కొనువానివలె వెదకి తమ పుటను తామే చదువవలెను. మార్పు కనబడినచో ఫోనులో వాదింపక వ్రాతపూర్వకముగా తెలుపవలెను. రేపు సరకు తిరిగి వచ్చినపుడు సాక్ష్యము ఆ వ్రాతయే. సరకుతోపాటు పెట్టెలో తమ చేతివ్రాత చీటీ ఒకటి ఉంచుటకు ఒప్పందము అనుమతించునో లేదో ముందుగా చదివి తెలిసికొనవలెను.

ఇక మన ఇండ్లలో కూర్చుండి కొనువారికి దీనితో పనియేమి అందురా? పుటలోని అబద్ధమునకు మనము తిట్టునది ఎప్పుడును విక్రేతనే. విక్రేత పేరును, చిరునామాను, ఫోను నంబరును అంగడివారు చూపవలెనని నిబంధన కలదు. సాధారణముగా అది పుటకు అడుగున సన్నని అక్షరములలో నుండును. ఆ పంక్తి వరకు దిగి చదివి, కొనబోవునది వీణయైనచో ఆ నంబరుకు ఒక్కమారు మాటలాడి అడిగినను చాలును. దుంగ ఒకటియా, రెండా అన్నది చెక్కినవాడే చెప్పగలడు.