లష్కర్ బోనాలకు సెలవు ఎప్పుడు?

కొత్త క్యాలెండర్ గోడకెక్కగానే హాస్టల్‌లో మనందరం ముందు లెక్కపెట్టేది ఎర్ర అంకెలనే. ఊరికి ఎప్పుడు వెళ్లొచ్చో తేల్చేవి అవే కదా! అయితే ఆ అంకెలు ఎలా వస్తాయో చాలామందికి తెలియదు. పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్లకూ పనికొస్తుందని మాకు తెలిసినంతలో వివరిస్తున్నాం.

రాష్ట్ర ప్రభుత్వం ఏటా ముందుగానే రెండు జాబితాలు ప్రకటిస్తుంది. 2025కు తెలంగాణలో సాధారణ సెలవులు 27, ఐచ్ఛిక సెలవులు 23. సాధారణ సెలవు రోజున ఆఫీసులు మూతపడతాయి. ఐచ్ఛిక సెలవుల్లో ఏవైనా ఐదింటిని ఉద్యోగి తన మతంతో నిమిత్తం లేకుండా, ముందుగా అనుమతి తీసుకుని వాడుకోవచ్చు. బుద్ధ పూర్ణిమ, మహావీర్ జయంతి, పార్సీల కొత్త సంవత్సరం ఈ రెండో జాబితాలోవి. ఏప్రిల్ 5 బాబూ జగ్జీవన్ రామ్ జయంతి, ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి మొదటి జాబితాలో ఉన్నాయి.

మన మెట్టుగూడలో రైల్వే వాళ్లు ఎక్కువ. వాళ్ల లెక్క వేరు. ఢిల్లీ బయటి కేంద్ర కార్యాలయాలకు 14 తప్పనిసరి సెలవులు, ఇంకో 12 పండుగల నుంచి ఎంచుకునే మూడు సెలవులు ఉంటాయి. బుద్ధ పూర్ణిమ, మహావీర్ జయంతి ఆ 14లో ఉన్నాయి. మన ఉగాది, సంక్రాంతి మాత్రం 12లో ఉన్నాయి. బోనాలు రెండింట్లోనూ లేవు. (రైలు నడిపేవాళ్లకు ఏ జాబితా ఉన్నా ఒకటే, బండి ఆగదు.) ఇక దినకూలీకి వెళ్లే మన అమ్మానాన్నలకైతే సెలవంటే ఆ రోజు కూలి పోయినట్టే.

రంజాన్, బక్రీద్, మొహర్రం, మిలాద్ తేదీలు నెలవంకను బట్టి మారవచ్చు. హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి ఆ పండుగలు ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. 2023లో మిలాద్, గణేశ్ నిమజ్జనం రెండూ సెప్టెంబర్ 28నే పడ్డాయి. అప్పుడు హైదరాబాద్‌లో ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. అది ఏ జీవోలోనూ రాసి లేని సర్దుబాటు.

ఇక బోనాలు. 1813లో కలరా వచ్చినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైనికోద్యోగి సురిటి అప్పయ్య మొక్కుకుని, 1815లో సికింద్రాబాద్‌లో మహాకాళి విగ్రహాన్ని నిలిపాడని చెబుతారు. లష్కర్ అంటే సైన్యం. ఆ పేరే ఈ బోనాలకు నిలిచింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలు, బతుకమ్మలను రాష్ట్ర పండుగలుగా ప్రకటించింది. సెలవు మాత్రం లాల్‌దర్వాజ బోనాల మర్నాడు, సోమవారం వస్తోంది. లష్కర్ బోనాలు అంతకు వారం ముందే అయిపోతాయి. 2025లో ఉజ్జయిని మహాకాళి గుడిలో రంగం జూలై 14న జరిగింది. బోనాల సెలవు 21న వచ్చింది. పచ్చికుండ మీద నిలబడి చెప్పే భవిష్యవాణి వినాలంటే మన ప్రాంతం వాళ్లు ఆ సోమవారం పని మానుకోవలసిందే.

మరో సంగతి. రాష్ట్ర సెలవుల ఉత్తర్వు విద్యాసంస్థలకు దానంతట అదే వర్తించదు, వాటికి వేరే ఉత్తర్వులు వస్తాయి. కాబట్టి కాలేజీలో ఇంటర్నల్ పరీక్షల తేదీలు వేసేటప్పుడే లష్కర్ సోమవారం సంగతి లెక్చరర్ల చెవిన వేయండి. నోటీసు బోర్డు ఎక్కాక మార్చడం కష్టం.