ప్రసవానంతర సంరక్షణ: తొలి 24 గంటలలో నర్సు బాధ్యతలు

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ప్రసవానంతరం తొలి 24 గంటలు ఎందుకు కీలకమో వివరించగలుగుతారు.
• తల్లిలోను, శిశువులోను ప్రమాద సూచనలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం
తొలికాన్పు పుట్టింట జరగడం మన ఆచారం. పులివెందులలో కాపురం ఉంటున్న యువతి ఏడో నెలలో జమ్మలమడుగులోని పుట్టింటికి వచ్చిందనుకుందాం. ఆమె రక్తపోటు, హిమోగ్లోబిన్ వివరాలు పులివెందులలోని ఏ.ఎన్.ఎం.కు తెలుసు, కాన్పు చేసే నర్సుకు తెలియవు. ఇద్దరినీ కలిపేది మాతా శిశు సంరక్షణ కార్డు. కార్డు అడిగి చదవడమే నర్సు చేయవలసిన మొదటి పని. హిమోగ్లోబిన్ 7 గ్రాములకు తగ్గితే తీవ్ర రక్తహీనత. అటువంటి తల్లి కొద్దిపాటి రక్తస్రావాన్ని కూడా తట్టుకోలేదు.

ఈ ప్రాంతానికి ఆసుపత్రి కాన్పు కొత్త కాదు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి వైద్యసేవ నుంచి క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఏర్పడింది. ప్రొద్దుటూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2005లో వచ్చిన జననీ సురక్ష యోజన, 108 వాహనాలు ఆసుపత్రికి చేరడాన్ని సులభం చేశాయి. అయితే, చేరినంత మాత్రాన ప్రమాదం తొలగదు.

2. తల్లి సంరక్షణ
బిడ్డ పుట్టగానే ఇంటివారు 'గండం గడిచింది' అనుకుంటారు. నర్సు అలా అనుకోరాదు. మాయ ఊడిన చోట తెరుచుకొని ఉన్న రక్తనాళాలు గర్భాశయ కండరం బిగిసినప్పుడే మూసుకుంటాయి. అందుకే, కడుపులో మరో బిడ్డ లేదని నిర్ధారించుకొని, ప్రసవమైన నిమిషంలోపు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇస్తారు.

తరువాత రెండు గంటలపాటు ప్రతి 15 నిమిషాలకు నాడి, రక్తపోటు, రక్తస్రావం పరీక్షించాలి. పొట్టపై చేయి పెడితే గర్భాశయం బంతిలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే మర్దన చేస్తూ వైద్యులను పిలవాలి. నిండిన మూత్రాశయం గర్భాశయాన్ని బిగియనివ్వదు కనుక తల్లి మూత్రవిసర్జన చేసేలా చూడాలి. రక్తపోటు పడిపోయేదాకా ఆగరాదు. యువతులలో ముందు నాడి వేగం పెరుగుతుంది, రక్తపోటు ఆలస్యంగా పడుతుంది.

3. శిశు సంరక్షణ
శిశువును వెంటనే తుడిచి, తల్లి ఛాతీపై పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి బట్ట కప్పాలి. తుడిచినా శ్వాస అందకపోతే మొదటి నిమిషంలోనే బ్యాగు, మాస్కుతో శ్వాస ఇవ్వాలి. ప్రొద్దుటూరు ఎండల్లో బిడ్డకు చలి ఏమిటని అనిపించవచ్చు. తడి ఒంటితో ఫ్యాను కింద ఉంచిన శిశువు వేసవిలోనూ చల్లబడుతుంది. కనీసం 24 గంటలు స్నానం వద్దు. గంటలోపు ముర్రుపాలు పట్టించాలి. బొడ్డుపై పసుపు, నూనె, బూడిద పెట్టరాదు.

నిమిషానికి 60 లేక అంతకు మించిన శ్వాసలు, పాలు తాగకపోవడం, పాదాలు చల్లబడటం, తొలిరోజే పచ్చబడటం ప్రమాద సూచనలు.

4. ఇంటికి పంపేటప్పుడు
పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించే ఇళ్లు ఉన్నాయి. అక్కడ నిర్ణయం బాలింతది కాదు, అవ్వది. కనుక అవ్వను కూర్చోబెట్టి, గౌరవంగా, కారణం చెప్పాలి. పుట్టింటి ఊరి ఆశా కార్యకర్తకు సమాచారం ఇవ్వాలి. ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వెళ్లి చూస్తుంది. అధిక రక్తస్రావం, జ్వరం, ఫిట్స్ కనిపిస్తే ఆ రోజుల కోసం వేచి ఉండక 108కి ఫోన్ చేయాలని చెప్పాలి.

5. సారాంశం
కాన్పుతో నర్సు పని ముగియదు. కార్డు చదవడం, గర్భాశయాన్ని తాకి చూడటం, శిశువును వెచ్చగా ఉంచడం ఖరీదైన పరికరాలు అక్కరలేని పనులు. వీటిని వేళ తప్పక చేయడమే ప్రాణాలు నిలుపుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ప్రసవానంతరం గర్భాశయం గట్టిగా ఉండటం ఎందుకు అవసరం?
2. మీ ప్రాంతంలోని బాలింత పథ్యాలలో మేలు చేసేవాటిని, కీడు చేసేవాటిని వేరుచేసి రాయండి.