పరదేశమున నర్సు కొలువు: వెంట ఎవరెవరు పోవచ్చును?

సత్యవేడు చుట్టుపట్ల గ్రామములకు మేము పోవునది వరి విత్తనశుద్ధిని గూర్చియు, వేరుసెనగకు జిప్సము వేయు అదనును గూర్చియు చెప్పుటకే. అయినను కొన్ని యేండ్లుగా ప్రదర్శనము ముగిసి అందఱును లేచిపోవునప్పుడు ఎవరో యొకరు వెనుక నిలిచి వేఱొక సంగతి యడుగుచున్నారు. "అయ్యా, మా పాప నర్సు చదువు ముగించినది. లండనుకు పిలుచుచున్నారు. అల్లుడును బిడ్డయు వెంట పోవచ్చునా? ముసలివారము, మమ్ములను గూడ పిలిపించుకొననిత్తురా?"

ఇది వ్యవసాయశాఖవారి నడుగు ప్రశ్న కాదని త్రోసివేయుటకు మాకు మనసొప్పలేదు. ఆ పయనమునకు పెట్టుబడి యెచ్చటినుండి వచ్చుచున్నదో సభ్యులకు తెలియును. సంఘమున నగలు కుదువ పెట్టుదురు. చాలనిచో మాగాణి పత్రములు షావుకారు చేతికి పోవును. బిడ్డ వెడలిన పిమ్మట ఆ మాగాణిని దున్నువారెవరు, ముసలివారికి గంజి కాచువారెవరు అనునది రెండవ చింత. కావున తెలిసినవారిని విచారించియు, ఆయా దేశముల నిబంధనలను చదివియు తేల్చుకొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము. ఇవి 2025 నాటికి మేమెఱిగినవి. ఇట్టి నిబంధనలు తఱచు మారుచుండును గనుక, డబ్బు కట్టుటకు ముందు ఆయా ప్రభుత్వముల ప్రకటనలను మరల చూచుకొనవలెను.

వలస మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి పోయిన ట్రూరో అను ఓడ నేటాలు దేశమున డర్బను రేవు చేరెను. ఆ ఓడలోను, తరువాతి ఓడలలోను ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతముల తెలుగువారును అరవవారును పెక్కండ్రు చెఱకు తోటల పనికి పోయిరి. సత్యవేడు 1960 ఏప్రిల్ 1వ తేదీ వఱకు చెంగల్పట్టు జిల్లాలోనిదే గనుక మద్రాసు రేవు మనకు పొరుగూరివంటిది. ఆ కాలమున కూలీల ఓడలలో పురుషులతోపాటు ఇంతమంది స్త్రీలును ఉండవలెనని ప్రభుత్వమువారు లెక్క విధించిరి. అది కుటుంబములపై దయచేత విధించిన లెక్కయని మేము తలపము. తోటలో కూలి నిలువవలెనన్న ఇల్లు నిలువవలెను, అంతియే. నేడును పరదేశప్రభుత్వములు తమ అక్కఱను బట్టియే కుటుంబమును లెక్కించుచున్నవి. ఒక భేదము మాత్రము కలదు. ఆనాడు పురుషుని పేరు ముందు వ్రాసి స్త్రీని అతని వెంట చేర్చిరి. నర్సు వీసాలో భార్య పేరు ముందుండును, భర్త ఆమెను ఆశ్రయించినవాడుగా వ్రాయబడును. ఈ మాట చెప్పినప్పుడు మన రైతులలో కొందఱు నవ్వుదురు. కొందఱు నవ్వరు.

మొదట ఇంగ్లండు సంగతి. ఎక్కువమంది అడుగునది దానినే.

ఇంగ్లండులో ఆరోగ్యోద్యోగులకు 2020 ఆగస్టులో ప్రత్యేకపు వీసా నొకదానిని ఏర్పాటు చేసిరి. దానిపై పోవు రిజిస్టరు నర్సు తన భర్తను, పదునెనిమిదేండ్లు నిండని బిడ్డలను వెంట తీసికొని పోవచ్చును. భర్త అచ్చట దాదాపు ఏ పనియైనను చేసికొనవచ్చును. బిడ్డలకు ప్రభుత్వపు బడిలో జీతము లేదు. ఇతర వీసాలవారు 2024 ఫిబ్రవరినుండి వైద్యసేవ నిమిత్తము పెద్దవారికి ఏటికి 1,035 పౌన్లు, పిల్లలకు 776 పౌన్లు చెల్లించుచుండగా, ఈ వీసావారికిని వారి కుటుంబమునకును ఆ పన్ను లేదు. ఇంతవఱకు శుభమే.

అయితే అదే వీసాపై 'కేర్ వర్కరు' అను మఱియొక తరగతివారును పోవుచుండిరి. వృద్ధులకు స్నానము చేయించుట, అన్నము తినిపించుట మొదలగునది వారి పని. గౌరవమైన పనియే గాని అది నర్సు కొలువు కాదు. 2024 మార్చి 11వ తేదీనుండి ఆ తరగతివారు భర్తనుగాని బిడ్డలనుగాని తీసికొనిపోరాదని శాసించిరి. 2025 జూలై 22వ తేదీనుండి పరదేశములనుండి ఆ పనికి క్రొత్తవారిని రప్పించుటయే మాన్పిరి. చదువు ఒకటే, అమ్మాయి ఒకతే. కాగితముపై నున్న ఉద్యోగపు పేరును బట్టి కుటుంబము కలిసియుండుటయో విడిపోవుటయో తేలుచున్నది.

దీనికొక నిదర్శనము. రెండున్నర ఎకరముల మాగాణి గల సభ్యుడొకరు 2024 వేసవిలో తన కుమార్తెకు వచ్చిన కాగితమును సంఘపు కార్యదర్శిచేత మాయొద్దకు పంపెను. అమ్మాయి నర్సింగు పట్టభద్రురాలు, మద్రాసులో ఆసుపత్రి యనుభవము గలది. ఏజెంటు పండ్రెండు లక్షలడిగెను. "పేరుకు కేర్ అని వ్రాయుదురు, పని నర్సుదే, ఆరు నెలలలో మగనిని బిడ్డను పిలిపించుకొనవచ్చును" అని నమ్మబలికెను. అప్పటికి ఆ దారి మూసి రెండు నెలలు దాటినది. అదృష్టవశమున ఇంకను డబ్బు చేతులు మారలేదు. ఆ యింట మూడేండ్ల బిడ్డ యున్నాడు. డబ్బు కట్టియున్నచో తల్లి యొకచోట, బిడ్డ యొకచోట, పొలము షావుకారుచోట ఉండెడివి.

నర్సుగా పోవుటకు రాజమార్గము కొంచెము పొడవైనది. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లేక ఓ.ఇ.టి. అను ఆంగ్లపరీక్షలో కావలసిన మార్కులు రావలెను. పిమ్మట అచ్చటి నర్సింగు, మిడ్‌వైఫరీ కౌన్సిలువారి పరీక్ష రెండు భాగములు. మొదటిది కంప్యూటరుపై వ్రాయునది, ఇచ్చటనే వ్రాయవచ్చును. రెండవది ఓస్కీ అను చేతిపని పరీక్ష, ఇంగ్లండు చేరిన పిమ్మట నిచ్చునది. కొలువులో చేరిన పండ్రెండు వారములలోపల తొలిసారి ఆ పరీక్షకు కూర్చుండి, ఎనిమిది నెలలలోపల గట్టెక్కవలెను. అందుచేత ఆ తొలి నెలలలో భర్తను, పసిబిడ్డను వెంట బెట్టుకొని పోవుట మాకు సమ్మతము కాదు. పగలు వార్డు, రాత్రి చదువు, నడుమ చలిదేశమున క్రొత్త యింటి బాడుగ. నర్సు ముందుగా ఒంటరిగా పోయి, పరీక్ష గెలిచి, ఇల్లు కుదుర్చుకొని, అటుపిమ్మట తనవారిని రప్పించుకొనుట మేలు. తరువాత దరఖాస్తు చేసికొనుటకు అడ్డు లేదు.

ఖర్చు విషయమున ఒక మాట. చేరిన దినములలో జరుగుబాటునకై నర్సు పేర 1,270 పౌన్లు, భర్తకు 285, మొదటి బిడ్డకు 315, ఆపై ప్రతి బిడ్డకు 200 పౌన్లు బ్యాంకులో ఇరువదియెనిమిది దినములు ఎడతెగక నిలువయున్నట్లు చూపవలెను. ముగ్గురు గల కుటుంబమునకు 1,870 పౌన్లు, అనగా రెండు లక్షల రూపాయలకు పైమాట. కొలువిచ్చువారే హామీ వ్రాసియిచ్చినచో చూపనక్కఱలేదు. కొలువు కుదుర్చుటకై నర్సునొద్ద రుసుము పుచ్చుకొనరాదని ఇంగ్లండువారి నియమము. పండ్రెండు లక్షలు అడిగినవాని నెట్లు తూచవలెనో దీనినిబట్టి తెలియును.

మన రైతుల యిండ్లలో మఱియొక యాలోచన వినబడుచున్నది. "అల్లుడు ఇచ్చటనే సేద్యము చూచుకొనును, పాప బిడ్డను మాత్రము తీసికొని పోవును." వినుటకు బాగుగనే యున్నది గాని ఇంగ్లండు నిబంధన దీనికి తేలికగా ఒప్పదు. తల్లిదండ్రులిరువురును అచ్చట నున్నప్పుడో, పోవుచున్నప్పుడో బిడ్డకు వీసా యిత్తురు. బిడ్డ పోషణభారమంతయు ఒకరిపైననే యున్నదని గాని, మఱి యేదేని బలమైన కారణము గాని చూపగలిగిననే ఒక్కరి వెంట పంపుదురు. కావున సేద్యము విడువని అల్లుడు గల యింట బిడ్డయు ఇచ్చటనే పెరుగవలసివచ్చును. ఈ సంగతిని పయనమునకు ముందే భార్యాభర్తలు కూర్చుండి తేల్చుకొనవలెను. విమానాశ్రయమున తేల్చుకొనునది కాదు.

ఇక తల్లిదండ్రులు. మనకు కుటుంబమన్న వారు మొదటివారు. ఇంగ్లండు చట్టమునకు వారు లెక్కకే రారు. 2012 జూలైనుండి, ప్రతిదినము మఱియొకరి చేయూత లేక బ్రతుకలేని స్థితిలో నుండి, ఆ చేయూత డబ్బు పెట్టినను స్వదేశమున దొరకదని ఋజువైననే వృద్ధులను అచ్చట కాపురముండనిచ్చుచున్నారు. ఇది సూదిబెజ్జము వంటి ద్వారము. చూచివచ్చుటకు ఆరు నెలల వీసాపై పోవచ్చును, అంతే.

ఈ విషయమున జర్మనీ కొంత మేలు. 2024 మార్చి 1వ తేదీ మొదలు తొలిసారిగా నివాసపు అనుమతి పొందిన నిపుణులు తల్లిదండ్రులనుగూడ రప్పించుకొనవచ్చునని అచ్చట చట్టము సడలించిరి. అయితే వారి జీవనమునకును రోగపు భీమాకును హామీ చూపవలెను. ముదిమిలో క్రొత్తగా చేరువారికి ఆ భీమా మిక్కిలి ప్రియము. నర్సు జర్మను భాషలో బి2 అను మెట్టు వఱకు ఎక్కవలెను. కొలువు చేసికొనుచు సాయంకాలములందు చదువువారికి ఏడాదికి తక్కువ పట్టదు.

కెనడాలో స్థిరపడినవారు తల్లిదండ్రులను సూపర్ వీసాపై పిలిపించుకొనవచ్చును. 2022 జూలైనుండి ఒక్కసారి పోయిన ఐదేండ్లు ఉండవచ్చును. దానికిని భీమా కావలెను.

అమెరికాకు పోవు నర్సు భర్తను, పెండ్లికాని ఇరువదియొక్క యేండ్లలోపు బిడ్డలను శాశ్వతనివాసపు వీసాపై తీసికొనిపోవచ్చును. కష్టమెల్ల వరుసలో నిలుచుటలో నున్నది. మన దేశమున పుట్టినవారి వరుసలో 2025 నడుమ 2013లో దరఖాస్తు పడినవారి వంతు నడచుచుండెను. నేడు దరఖాస్తు వేయునప్పటికి పదేండ్లుగా నున్న బిడ్డ, తల్లి వంతు వచ్చునప్పటికి ఇరువదియొకటి దాటి విడిగా మిగిలిపోవు ప్రమాదము కలదు. ఎవరేని "రెండేండ్లలో కుటుంబమంతయు అమెరికా" అని చెప్పినచో ఏ లెక్కన అని అడుగుడు.

గల్ఫు దేశములు మనకు దగ్గఱివి, కొలువు త్వరగా దొరకును, ఏటికొకమాఱు వచ్చిపోవచ్చును. కుటుంబమును నిలుపుకొనుటకు మాత్రము జీతము చాలవలెను. ఎమిరేట్సులో నెలకు 4,000 దిర్హములు గాని, ఇల్లిచ్చినచో 3,000 గాని ఉండవలెను. సౌదీలో ప్రైవేటు కొలువులోని పరదేశీయులు తమవెంటనున్న ప్రతివారికిని పన్ను కట్టవలెను. 2017 జూలైలో నెలకు నూఱు రియాళ్లుగా మొదలై 2020 నాటికి నాలుగు వందలైనది. భర్తకును బిడ్డకును కలిపి ఏటికి 9,600 రియాళ్లు. పెక్కుమంది నర్సులు అచ్చట ఒంటరిగా నుండుటకు ఇదియొక కారణము.

గల్ఫు మొదలగు పదునెనిమిది దేశములకు నర్సులు ప్రభుత్వపు సంస్థలద్వారముననే పోవలెనని భారతప్రభుత్వము 2015 ఏప్రిల్ 30వ తేదీనుండి నియమించినది. మన రాష్ట్రమున అట్టి సంస్థ ఓంక్యాప్. ఈ నియమమునకు కారణము లేకపోలేదు. ఆ యేటనే కువైటు కొలువులకై పోవు కేరళ నర్సులవద్ద 19,500 రూపాయలు పుచ్చుకొనవలసినచోట 19.5 లక్షలు గుంజిరని ఒక ఏజెంటుపై కేసు నడచినది. రెండు సున్నలలో ఒక కుటుంబపు భూమి యంతయు ఇమిడియున్నది.

తోడు పోయిన భర్తను గూర్చి ఎవరును మాటలాడరు. ఇచ్చట ఎద్దులు, ట్రాక్టరు, నీటి పారుదల తన చేతిమీద నడిపినవాడు అచ్చట గిడ్డంగిలో పెట్టెలు మోయును, లేదా రాత్రి డ్యూటీకి పోయిన భార్యకు బదులు బిడ్డకు పాలు పట్టును. కేరళనుండి అమెరికాకు పోయిన నర్సుల కుటుంబములలో ఈ బాధ చిరకాలమునుండి కలదు. బిడ్డకు పాలు పట్టుట చిన్నతనమని తలచువాడు పోవకుండుటయే మంచిదని మా యభిప్రాయము. పోయి ఆమె జీతముపై కసరుకొనుటకంటె అది మేలు.

ఇక మిగిలినది భూమి. పరదేశమున స్థిరముగా నుండువారు మన దేశమున వ్యవసాయభూమిని కొనరాదు. పోకముందు తనదైన భూమిని ఉంచుకొనవచ్చును, తండ్రినుండి వారసత్వముగా పొందవచ్చును. అమ్మిన మాత్రము ఇచ్చట నివసించు భారతీయునికే అమ్మవలెను. కావున "ఇప్పుడమ్మి పంపుదము, సంపాదించి మరల కొందము" అను లెక్క తప్పును. ఏటికి 6,000 రూపాయల పి.ఎం. కిసాన్ సాయము పరదేశవాసులకు చెల్లదు. తండ్రి పేరనున్న పట్టాను పయనపు తొందరలో బిడ్డ పేరికి మార్చుటకు ముందు దీనిని తలచుకొనవలెను.

శ్రీసిటీ కర్మాగారములు వచ్చిన పిమ్మట మనవైపు కూలి దొరకుటయే కష్టముగా నున్నది గనుక ముసలివారు పొలమును కౌలుకిచ్చుటయే జరుగును. వ్రాత లేకుండ ఇయ్యరాదు. 2019 నాటి రాష్ట్రచట్టము పదునొకండు నెలల ఒప్పందమును ఏర్పఱచినది. దానివలన కౌలుదారునకు పంటఋణము, భీమా దొరకుటకు దారి కలిగినది గాని భూమిపై హక్కు పుట్టదు. పోవువారి భూమి విషయమున సంతకములు చేయుటకు తండ్రికో అన్నకో అధికారపత్రము వ్రాసియిచ్చి పోవలెను. మఱచి పోయినచో అచ్చటి భారత రాయబార కార్యాలయమున వ్రాయించి పంపవచ్చును. అది ఇచ్చట చేరిన మూడు నెలలలోపల ముద్రసుంకము చెల్లించుకొనవలెను.

పోవు అల్లుడు సంఘమున ఇతరుల ఋణమునకు జామీను నిలిచియున్నచో ఆ సంగతిని కార్యదర్శికి ముందుగా తెలిపి, వేఱొకరిని నిలిపి, తన పేరు తీసివేయించుకొని పోవలెను. గడువు దాటిన పిమ్మట నోటీసు వచ్చునది ముసలివారి వాకిటికే.