తక్కువ ధరలో ఆటల హెడ్‌ఫోన్‌.. హంగుల కంటే అమరికే ముఖ్యం

తెనాలి, బాపట్ల, రేపల్లె: సెల్‌ఫోన్‌లోనూ, కంప్యూటరులోనూ వీడియో ఆటలు ఆడే యువతకు హెడ్‌ఫోన్‌ నేడు విలాస వస్తువు కాదు. ప్రత్యర్థి అడుగుల చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తున్నదో తెలియాలన్నా, జట్టులోని మిత్రునితో మాట్లాడాలన్నా అదే ఆధారం. ఇంట్లో పెద్దలకు, చదువుకునే పిల్లలకు ఇబ్బంది కలగకుండా ఆడుకోవడానికీ అదే మార్గం. అయితే మెరిసే రంగుదీపాలను, పెట్టెపై ముద్రించిన పెద్ద అంకెలను చూసి కొన్నవి ఆటలో అక్కరకు రాక మూలన పడుతుంటాయి. అంతకంటే పెద్ద ముప్పు మరొకటి ఉంది. చెవికి సరిగా అమరని హెడ్‌ఫోన్‌తో ఆడేవారు శబ్దం పెంచుకుంటూ పోతారు. దాని మూల్యం చెల్లించేది చెవులే. రెండు వేల రూపాయలలోపు బడ్జెట్‌తో దుకాణానికి వెళ్లేవారు ఏం చూడాలి, వేటిని పట్టించుకోనవసరం లేదు అన్నది తెలుసుకుంటే సొమ్ము, వినికిడి రెండూ దక్కుతాయి.

ఒకప్పుడు నెట్‌ సెంటర్లలో గంటల లెక్కన రుసుము చెల్లించి ఆడిన ఆటలు ఇప్పుడు అరచేతిలోకి వచ్చేశాయి. పబ్‌జీ మొబైల్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించగా, దాని స్థానంలో 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది. 2022 జులైలో దానినీ నిలిపివేశారు. 2023 మే నెలలో తిరిగి అనుమతించారు. పందెపు ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నైపుణ్యంతో ఆడే ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం గుర్తించింది. ఈ తరహా ఆటల్లో కంటితో చూసేదెంతో చెవితో వినేదీ అంతే ముఖ్యం కావడంతో హెడ్‌ఫోన్ల ఎంపిక చర్చనీయాంశమైంది.

రెండు చెవులతోనే దిక్కు

కుడివైపు నుంచి వచ్చే చప్పుడు ముందుగా కుడి చెవికి, ఆ తర్వాత ఎడమ చెవికి చేరుతుంది. ఈ తేడా సెకనులో వెయ్యో వంతుకు కూడా తక్కువే. తల అడ్డుగా ఉండటం వల్ల ఎడమ చెవికి శబ్దం కాస్త తగ్గి వినిపిస్తుంది. ఈ రెండు తేడాలను లెక్కగట్టి మెదడు చప్పుడు దిక్కును గుర్తిస్తుంది. ఆట రూపకర్తలు ఇదే సూత్రాన్ని ఉపయోగించి కుడి, ఎడమ చెవులకు వేర్వేరుగా శబ్దాన్ని పంపుతారు. కాబట్టి దిక్కు తెలియడానికి మామూలు స్టీరియో హెడ్‌ఫోన్‌ సరిపోతుంది.

పెట్టెపై '7.1 సరౌండ్‌' అని రాసి ఉంటే ఎనిమిది స్పీకర్లు ఉన్నాయని భ్రమించరాదు. తక్కువ ధర రకాల్లో ఉండేవి చెవికొకటి చొప్పున రెండే స్పీకర్లు. మిగిలినదంతా సాఫ్ట్‌వేర్‌ సృష్టించే భ్రాంతి. ఆట తనంతట తానే దిక్కులను లెక్కగట్టి పంపుతున్నప్పుడు, హెడ్‌ఫోన్‌ సాఫ్ట్‌వేర్‌ మరోసారి కలగజేసుకుంటే స్పష్టత పెరగడానికి బదులు తగ్గే అవకాశం ఉంది. ఈ అంకె కోసం అదనపు సొమ్ము వెచ్చించాల్సిన పని లేదు.

ఆటకు తీగే మేలు

తీగ లేని బ్లూటూత్‌ ఇయర్‌బడ్స్‌ పాటలకు, ఫోను సంభాషణలకు సౌకర్యమే. ఆటకు వచ్చేసరికి మూడు లోపాలు బయటపడతాయి. మొదటిది ఆలస్యం. ఫోను శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, ఇయర్‌బడ్‌ దానిని విప్పేసరికి సాధారణ రకాల్లో సెకనులో పదో వంతు నుంచి నాలుగో వంతు వరకు కాలం గడచిపోతుంది. తెరపై తుపాకీ పేలిన తర్వాత చెవికి శబ్దం అందుతుంది. సినిమా చూసేటప్పుడు చాలా ఆప్‌లు బొమ్మను కాస్త ఆపి ఈ తేడాను సరిచేస్తాయి. క్షణక్షణం ఆటగాని చేతి కదలికపై నడిచే ఆటలో అది సాధ్యం కాదు. 'గేమ్‌ మోడ్‌' ఉన్న రకాల్లో ఆలస్యం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు.

రెండవ లోపం చాలామంది గమనించనిది. బ్లూటూత్‌ ఇయర్‌బడ్స్‌లో మైకు ఆన్‌ చేయగానే అనేక సందర్భాల్లో అది ఫోను సంభాషణ పద్ధతిలోకి మారిపోతుంది. అప్పుడు శబ్ద నాణ్యత పడిపోయి, కుడి ఎడమల తేడా లేకుండా రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వినిపిస్తుంది. జట్టుతో మాట్లాడటం మొదలుపెట్టగానే అడుగుల చప్పుడు ఏ వైపుదో తెలియకుండా పోవడానికి కారణం ఇదే.

మూడవది బ్యాటరీ. ఇయర్‌బడ్స్‌లోని చిన్న బ్యాటరీల సామర్థ్యం ఏటికేడు తరిగిపోతుంది. వాటిని మార్చడం దాదాపు అసాధ్యం. అదే తీగ హెడ్‌ఫోన్‌ పిన్ను దగ్గర తెగితే సెల్‌ఫోన్‌ మరమ్మతు చేసేవారు కొత్త పిన్ను అతికించి ఇవ్వగలరు. తీగ తప్పనిసరిగా వద్దనుకునేవారు బ్లూటూత్‌కు బదులు చిన్న డాంగిల్‌తో పనిచేసే 2.4 గిగాహెర్ట్‌జ్‌ రకాన్ని పరిశీలించవచ్చు. వాటిలో ఆలస్యం బాగా తక్కువ. ధర మాత్రం తీగ రకాల కంటే ఎక్కువగానే ఉంటుంది.

పిన్ను చూశాకే కొనాలి

హెడ్‌ఫోన్‌ ఎంత మంచిదైనా పిన్ను కుదరకపోతే సొమ్ము వృథా. గుండ్రటి పిన్నుపై గీతలను లెక్కించాలి. మూడు గీతలుంటే శబ్దంతోపాటు మైకు కూడా పనిచేసే రకం. రెండు గీతలే ఉంటే వినడానికి మాత్రమే. డెస్క్‌టాప్‌ కంప్యూటర్లలో అనేకం శబ్దానికి ఆకుపచ్చ రంధ్రం, మైకుకు గులాబీరంగు రంధ్రం వేర్వేరుగా కలిగి ఉంటాయి. మూడు గీతల పిన్నును వాటికి కలపాలంటే ఒక కొస రెండుగా చీలిన తీగ కావాలి. కొన్ని హెడ్‌ఫోన్లతో దీనిని పెట్టెలోనే ఇస్తారు. లేకుంటే విడిగా కొనాలి.

కొత్త సెల్‌ఫోన్లలో చాలావాటికి గుండ్రటి రంధ్రమే ఉండదు. చార్జింగు పెట్టే టైప్‌-సి రంధ్రానికి కన్వర్టర్‌ తగిలించాల్సి వస్తుంది. కన్వర్టర్లన్నీ ఒకటి కావు. కొన్నింటిలో తీగలు తప్ప మరేమీ ఉండదు. అవి కొన్ని ఫోన్లకే పనిచేస్తాయి. శబ్దాన్ని మార్చే చిప్‌ ఉన్న రకం ఎక్కువ ఫోన్లకు పనికివస్తుంది. అందువల్ల కన్వర్టర్‌ను సొంత ఫోనుకు తగిలించి, శబ్దం, మైకు రెండూ పనిచేస్తున్నాయని దుకాణంలోనే నిర్ధారించుకోవాలి.

అంకెల్లో ఏది పనికొస్తుంది?

'20 నుంచి 20,000 హెర్ట్‌జ్‌' అన్న ముద్ర దాదాపు ప్రతి పెట్టెపైనా కనిపిస్తుంది. ఇది మనిషి చెవి వినగలిగే పరిధి మాత్రమే. దీన్ని బట్టి ఒక హెడ్‌ఫోన్‌ మరొకదానికంటే మేలని చెప్పలేం. లోపలి స్పీకరు 40 మిల్లీమీటర్లా, 50 మిల్లీమీటర్లా అన్నదీ అంతే. పరిమాణం పెరిగినంత మాత్రాన నాణ్యత పెరగదు. సెల్‌ఫోన్‌కు తగిలించేవారు చూడదగిన అంకె ఇంపిడెన్స్‌. ఇది 16 నుంచి 32 ఓమ్‌ల మధ్య ఉంటే ఫోను సులువుగా నడపగలదు. అంతకంటే చాలా ఎక్కువగా ఉంటే శబ్దం మందగించవచ్చు.

'ఎక్స్‌ట్రా బాస్‌' అన్న మాటకూ మోసపోరాదు. దద్దరిల్లే శబ్దం పేలుళ్లకు ఊపునిస్తుందే తప్ప, పక్కనే నడిచే ప్రత్యర్థి అడుగుల సవ్వడిని కప్పేస్తుంది. మాటలు, చిన్న చప్పుళ్లు విడివిడిగా వినిపించేదే ఆటకు తగినది. రంగుదీపాలు వినికిడికి ఏమాత్రం తోడ్పడవు.

తీరప్రాంతపు ఉక్కపోతలో..

ఈ ప్రాంతంలో వేసవి ఎండ, సముద్రపు గాలిలోని తేమ హెడ్‌ఫోన్‌ ఎంపికలో లెక్కలోకి తీసుకోవాల్సినవే. చెవి మొత్తాన్ని కప్పే రకం ఫ్యాను చప్పుడును, వీధి రొదను కొంత అడ్డుకుంటుంది. దానివల్ల తక్కువ శబ్దంతోనే ఆట స్పష్టంగా వినిపిస్తుంది. అయితే రెక్సిన్‌ కుషన్లు చెమటకు తడిసి, పొరలుగా ఊడిపోతాయి. గుడ్డ కుషన్లు గాలి ఆడనిస్తాయిగాని బయటి చప్పుడును అంతగా ఆపవు. ఊడదీసి మార్చుకునే వీలున్న కుషన్లయితే ఎక్కువకాలం మన్నుతాయి. బరువు ఎంత తక్కువైతే అంత మంచిది.

బాపట్లలోని ఇంజినీరింగ్‌, వ్యవసాయ కళాశాలల విద్యార్థుల మాదిరిగా ఒకే గదిని నలుగురు పంచుకునేవారు నోటి దగ్గరకు వంగే మైకు ఉన్న రకాన్ని ఎంచుకోవడం మేలు. మైకు నోటికి దగ్గరగా ఉంటే గొంతు పెంచాల్సిన పని ఉండదు. పక్కవారి మాటలూ అంతగా చొరబడవు. తెనాలి, రేపల్లె మధ్య రైలులో రాకపోకలు సాగించేవారికి చెవిలో అమరే సిలికాన్‌ తొడుగుల ఇయర్‌ఫోన్‌ అనువైనది. పెట్టెలో మూడు పరిమాణాల తొడుగులు ఇస్తుంటారు. చెవికి బిగువుగా కుదిరేది ఎంచుకుంటే రైలు రొద తగ్గి, శబ్దం పెంచే అవసరం రాదు. అయితే పట్టాలు దాటేటప్పుడు, వాహనం నడిపేటప్పుడు వీటిని తప్పనిసరిగా తీసివేయాలి.

పోయిన వినికిడి తిరిగి రాదు

లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సూక్ష్మమైన రోమ కణాలుంటాయి. హోరుకు అవి దెబ్బతింటే మళ్లీ మొలవవు. పెద్దలు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్‌ వరకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు ఆ హద్దు 75 డెసిబెల్స్‌. శబ్దం 3 డెసిబెల్స్‌ పెరిగిన ప్రతిసారీ వినదగిన కాలం సగానికి తగ్గుతుంది. 90 డెసిబెల్స్‌ వద్ద పెద్దలకు వారం మొత్తానికి నాలుగు గంటలే హద్దు. రోజుకు రెండు గంటలు ఆడేవారు రెండు రోజుల్లోనే ఆ హద్దుకు చేరుకుంటారు.

వీడియో ఆటలు, వినికిడిపై జరిగిన 14 అధ్యయనాలను సమీక్షించిన పరిశోధన 2024 జనవరిలో బీఎంజే పబ్లిక్‌ హెల్త్‌ పత్రికలో వెలువడింది. ఆటల శబ్దం తరచూ సురక్షిత హద్దుకు దగ్గరగా గాని, దాటి గాని ఉంటున్నదని, తుపాకీ మోతల వంటి ఆకస్మిక శబ్దాలు 119 డెసిబెల్స్‌ వరకు చేరుతున్నాయని అందులో పేర్కొన్నారు. ఆట ముగిశాక చెవిలో గుయ్‌మనే మోత, ఎదుటివారి మాటను మళ్లీ అడగాల్సి రావడం, టీవీ శబ్దం పెంచమని కోరడం హెచ్చరిక సంకేతాలు. ఇవి కనిపిస్తే చెవి, ముక్కు, గొంతు వైద్యుని సంప్రదించి వినికిడి పరీక్ష చేయించాలి.

ఫోనులో శబ్దాన్ని గరిష్ఠ స్థాయిలో 60 శాతం దాటనీయరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చెవికి చక్కగా అమరిన హెడ్‌ఫోన్‌తో ఈ హద్దును పాటించడం తేలిక. అమరనిదానితో కష్టం.

దుకాణంలో ఇలా పరీక్షించండి

* సొంత ఫోనును వెంట తీసుకెళ్లాలి. కుడి, ఎడమ శబ్దాలను విడివిడిగా వినిపించే వీడియోను పెట్టి చూడాలి.
* పది నిమిషాలు ధరించే ఉండాలి. నెత్తిపై, చెవి వెనుక నొప్పి అనిపిస్తే మరో రకం చూడాలి. కళ్లద్దాలు వాడేవారు వాటితోనే పరీక్షించాలి.
* మైకులో నాలుగు మాటలు రికార్డు చేసి, తిరిగి వినాలి.
* పాట నడుస్తుండగా పిన్ను దగ్గర తీగను మెల్లగా కదపాలి. గరగర వినిపిస్తే తీసుకోరాదు.
* శబ్దం సగంలో ఉంచి, దుకాణంలోని రొదలో మాటలు తెలుస్తున్నాయో లేదో గమనించాలి.

ఆన్‌లైన్‌లో కొనేవారికి ఈ పరీక్షకు అవకాశం లేదు. వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ లోపే ఇంట్లో ఇవన్నీ పరీక్షించుకోవాలి.

బిల్లు తప్పక తీసుకోవాలి

పేరున్న సంస్థల ముద్రతో నకిలీలు అమ్మే ప్రమాదం ఉంది. పెట్టెపై గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, తయారైన దేశం, వినియోగదారుల సహాయ నంబరు ఉండాలి. తీగ లేని హెడ్‌ఫోన్లకు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. వాటిపై 'ఆర్‌' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యను బీఐఎస్‌ కేర్‌ ఆప్‌లో సరిచూసుకోవచ్చు. బిల్లు, వారంటీ పత్రం భద్రపరచుకోవాలి. లోపభూయిష్టమైన వస్తువును మార్చడానికి నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు.

మొత్తం మీద ఫోనులో మాత్రమే ఆడేవారికి మైకు ఉన్న తీగ ఇయర్‌ఫోన్‌, ఇంట్లో కంప్యూటరుపై ఆడేవారికి చెవిని కప్పే తీగ హెడ్‌ఫోన్‌ సరిపోతాయి. పిల్లలకు కొనిచ్చే తల్లిదండ్రులు మరో పని కూడా చేయాలి. కొన్న రోజునే ఫోను సెట్టింగుల్లో గరిష్ఠ శబ్దానికి పరిమితి పెట్టే సదుపాయం ఉంటే దానిని అమర్చాలి. పిల్లలు ధరించి ఆడుతున్నప్పుడు మామూలు గొంతుతో పిలిచి చూడాలి. మూరెడు దూరం నుంచి పిలిచినా పలకకపోతే శబ్దం హద్దు దాటిందేమోనని అనుమానించి తగ్గించాలి.