పెరటి తోటకు తోడుగా ఐదు సెంట్ల కౌలు మడి

పెరటిలో నాలుగు పాదులు, రెండు మడులు పెట్టి పూటకు పూట కూర కోసికొనుట అలవాటైన ఇంటివారికి త్వరలోనే స్థలము చాలదు. బీరపాదు పందిరి అంతటను అల్లుకొనును. దాని నీడన మిరప కాయదు. గుమ్మడికి చోటే ఉండదు. అప్పుడు ఊరి చివర చెరువు క్రిందనో, బోరు ప్రక్కనో నాలుగైదు సెంట్ల నేల కౌలుకు దొరికిన బాగుండునని తోచును. ఆలోచన మంచిదే. కాని తొలకరిలో ఉత్సాహముగా తీసికొన్న మడి దీపావళి నాటికి తుంగతో నిండిపోవుట, దాని వెంట తిరుగుటలో ఇంటి పెరడు కూడ ఎండిపోవుట పల్లెలలో తరచుగా కనబడు విషయము. పెట్టిన కౌలు పోవును; ఉన్న కూర కూడ పోవును. రెండు తోటలు ఒకదానికొకటి తోడు కావలెను గాని పోటీ కారాదు. అందుకు మీరు ముందుగా చూచుకొనవలసిన సంగతులను ఇక్కడ వివరించుచున్నాము.

ఎంత నేల కావలెను?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము ఆకుకూరలతో కలిపి మనిషికి రోజునకు 400 గ్రాముల కూరగాయలు కావలెను. అయిదుగురున్న ఇంటికి రోజునకు 2 కిలోలు, నాలుగు నెలలకు 240 కిలోలు. ఎకరమునకు 10 టన్నుల దిగుబడి అనగా సెంటుకు 100 కిలోలు. బాగుగా సాగుచేసిన టమాట, వంగ ఈ మాత్రము ఇచ్చును. క్రొత్త చేతులు, పురుగు, కోతులు అన్నియు కలిపి సగము తీసివేసినను, 5 సెంట్లలో ఒక కాలమునకు 250 కిలోలు రాగలవు. కనుక ఇంటి అవసరమునకు 5 సెంట్లు మించి తీసికొననక్కరలేదు.

బ్రిటనులో పట్టణవాసులకు కూరగాయల మడులు అద్దెకిచ్చు పద్ధతి చాలకాలముగా కలదు. 1908లో చేసిన చట్టము ఇట్టి మడులను సమకూర్చు బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచినది. అక్కడ వాడుకలో ఉన్న పూర్తి మడి కొలత మన లెక్కలో 6¼ సెంట్లు. అంత నేలను చేయలేనివారికి సగము మడి ఇచ్చుట కూడ అక్కడ ఉన్నది. మీరును మొదటి సంవత్సరము 2 లేక 3 సెంట్లతో ఆరంభించుట మేలు.

మొదట నీరు, తరువాత నేల

5 సెంట్లు అనగా సుమారు 200 చదరపు మీటర్లు. ఎండకాలములో కూరగాయల పైరుకు రోజునకు దాదాపు 5 మిల్లీమీటర్ల నీరు కావలెను. చదరపు మీటరుకు 5 లీటర్ల చొప్పున ఆ మడికి రోజునకు 1,000 లీటర్లు. 15 లీటర్ల బిందెతో మోసినచో 67 బిందెలు! ఇది మనిషి చేయదగిన పని కాదు. కావున బోరు నీరో, కాలువ నీరో మడి గట్టు వరకు వచ్చునా, వారములో ఎన్ని తడులు ఇత్తురు, కరెంటు ఏ వేళ వచ్చును అను విషయములు ముందే అడిగి తెలిసికొనుడు. నీరు సంక్రాంతి వరకే ఉన్నచో కౌలు కూడ అంతవరకే మాటాడుకొనుడు. వేసవిలో వంటింటి నీటితోను, స్నానపు నీటితోను పెరటి పాదులను కాపాడుకొనిన చాలును.

తరువాత నేల. క్రిందటి పైరు ఏమిటో అడుగుడు. అక్కడ వంగ గాని, టమాట గాని పచ్చగానే వాడి చచ్చినదని తెలిసినచో ఆ జాతి పైరులకు ఆ మడి పనికిరాదు. ఫ్యాక్టరీల మురుగు పారు నేలను కూరలకు తీసికొనరాదు. ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి, కలిపి, అర కిలో నమూనాను భూసార పరీక్షకు పంపుడు.

మూడవది మాట. బంధువుల నేలయైనను ఎంత కాలము, ఎంత కౌలు, నీటి ఖర్చు ఎవరిది, గట్టు మీది చెట్ల కాయలు ఎవరివి అను నాలుగు సంగతులు కాగితముపై వ్రాసికొనుడు. ఎరువు వేసి బాగుచేసిన మరుసటి కాలమునకే మడి చేతులు మారినచో నష్టము మీదే.

ఏ పైరు ఎక్కడ?

దీనికి ఒకటే సూత్రము: రోజూ కోయవలసినది ఇంటి దగ్గర, నిలిచియుండునది దూరమున.

తోటకూర, మెంతికూర, కొత్తిమీర, పుదీన, కరివేపాకు, పచ్చిమిరప, దొండపాదు పెరటిలో ఉండవలెను. బెండ కూడ ఇంటి దగ్గర ఉండుటే మంచిది. రోజు విడిచి రోజు కోయనిచో కాయ ముదిరి పీచు కట్టును, క్రొత్త కాపు తగ్గును.

గుమ్మడి, బూడిదగుమ్మడి, కంద, చిలగడదుంప, ఉల్లి, కంది కౌలు మడికి తగినవి. ఇవి వారమునకు రెండు మారులు వెళ్ళినను చెడవు. గుమ్మడికాయ ముదిరిన తరువాత ఇంటిలో నెలల తరబడి నిలువ ఉండును. వంగ, టమాట, గోరుచిక్కుడు మూడు నాలుగు రోజులకొకసారి కోయవచ్చును గనుక మడిలోనే వేయుడు. వంగకు వరుసల మధ్యను, మొక్కల మధ్యను 60 సెంటీమీటర్లు, టమాటకు 60, 45 సెంటీమీటర్లు, గుమ్మడి పాదుకు పాదుకు 2 మీటర్లు ఎడము ఉంచవలెను.

నారు పెరటిలో, నాటు మడిలో

రెండు తోటలున్నందున కలుగు పెద్ద లాభము ఇదియే. నారుకు రోజూ కంటి చూపు కావలెను. కనుక మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తుగల మడిని పెరటిలో కట్టి నారు పోయుడు. టమాట నారు 25-30 రోజులకు, వంగ 30-35 రోజులకు, మిరప ఆరు వారములకు, ఉల్లి 45-50 రోజులకు నాటుటకు సిద్ధమగును. సాయంకాలము పీకి, చల్లపూట నాటి, వెంటనే తడి ఇయ్యవలెను. వేళ్ళపై బుడిపెలున్న నారును ఎంత మాత్రము నాటరాదు. నులిపురుగు ఒక తోట నుండి రెండవ తోటకు చేరుట ఇట్లే. పార, గునపము కూడ కడిగి తీసికొనిపొండు.

మడిని నాలుగు భాగములు చేయుడు. వంగ, టమాట, మిరప ఒకే కుటుంబమునకు చెందినవి గాన ఒకదాని వెంట ఒకటి అదే భాగములో వేయరాదు. వాటి వెనుక చిక్కుడు జాతి, ఆ వెనుక తీగపాదులు, ఆపైన ఉల్లి, దుంపలు వచ్చునట్లు త్రిప్పుడు. ఈ కాలములో సాగుచేయలేని భాగమును బీడు పెట్టక, సెంటుకు 200 గ్రాముల చొప్పున జనుము చల్లుడు. 45 రోజులకు పూత మొదలుకాగానే నేలలో కలిపి, రెండు మూడు వారములు కుళ్ళనిచ్చి, పిదప పైరు వేయుడు. కలుపు అణగును, నేలకు సత్తువ చేరును.

రసము పీల్చు పురుగులు, లేత గొంగళ్ళు కనబడినపుడు లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని రాత్రి నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము చల్లుడు. ఈనెలు పచ్చబారిన బెండ మొక్కలను వెంటనే పీకి కాల్చివేయుడు.

పని లెక్క

చివరగా మీ ఇంటి చేతులను లెక్కించుకొనుడు. వారములో రెండు ఉదయములు, వానకాలములో మూడు, ఎవరు మడికి వెళ్ళుదురు? ఆ పూట పెరటికి నీరు ఎవరు పోయుదురు? సాధారణముగా ఈ రెండవ పని ఆడవారి మీద పడును. వారిని అడుగక కౌలు నిర్ణయించరాదు. కౌలు కుదుర్చుకొనుటకు ముందు ఒక నెలపాటు అదే రోజులలో, అదే వేళకు ఆ మడి వరకు నడిచి వచ్చి చూడుడు. నాలుగు వారములు తప్పక వెళ్ళగలిగినచో మడి తీసికొనుడు. రెండు మారులు తప్పినచో ఈ ఏటికి ఆ ఆలోచన మాని, పెరటి గోడమీదికి మరియొక పాదు ఎక్కించుడు. దానివలన కూడ కూర వచ్చును. కౌలు మాత్రము ఉండదు.