చెమట, కూలి, కానుక: క్రైస్తవుల పనినీతిపై అపోహలు – వాస్తవాలు

ఆదివారం ప్రసంగాల్లో పని గురించి వినిపించే వాక్యాలు నాలుగైదే. కష్టపడు, సణగకు, పైవాడికి లోబడు అని అవన్నీ పనివాడికే బుద్ధి చెబుతాయి. బైబిలు మొత్తం తిరగేస్తే మాత్రం పని గురించిన గట్టి మాటల్లో చాలావరకు కూలి లెక్క కట్టేవాడి మీదికీ, తూకం పట్టేవాడి మీదికీ ఎక్కుపెట్టి ఉంటాయి. ఆ సగం మరుగున పడటంతో కొన్ని అపోహలు వాక్యాల్లాగే చలామణి అవుతున్నాయి.

అపోహ: పని అనేది ఆదాము పాపానికి పడ్డ శిక్ష.

ఆదికాండం రెండో అధ్యాయంలోనే దేవుడు మనిషిని ఏదెను తోటలో పెట్టి, దాన్ని సాగు చేయమనీ కాపాడమనీ అప్పగించాడు. పండు తిన్న గొడవ మూడో అధ్యాయంలోది. శాపం తగిలింది నేలకు. ముళ్లూ చెమటా దానివల్ల వచ్చాయి, పని అంతకు ముందే ఉంది.

అపోహ: పాస్టరుగారు చేసేది దేవుడి పని, మనది కడుపు కోసం చేసే లోకసంబంధమైన ఉద్యోగం.

"ఉద్యోగం వదిలేసి పూర్తికాల సేవకు వచ్చాను" అనే సాక్ష్యానికి సంఘంలో స్తోత్రాలు మారుమోగుతాయి. "ముప్పై ఏళ్లు ట్రెజరీలో ప్రతి బిల్లూ వరస ప్రకారమే పాస్ చేశాను" అని ఎవరైనా సాక్ష్యం చెబితే వినడానికి నాకు ఆశగా ఉంది, ఇంతవరకు వినలేదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి గుడారాలు కుట్టాడు. యేసును ఊరివాళ్లు గుర్తుపట్టింది వడ్రంగిగా. 1793లో బెంగాల్ చేరిన మిషనరీ విలియం కేరీ అంతకుముందు చెప్పులు కుట్టినవాడు. వచ్చాక కొన్నేళ్లపాటు నీలిమందు ఫ్యాక్టరీ మేనేజరుగా, ఆ తర్వాత కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో అధ్యాపకుడిగా జీతం తీసుకున్నాడు. 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన ఆయన తెలుగు వ్యాకరణం ఆ ఉద్యోగ కాలంలోదే. వీటిలో ఏది సేవ, ఏది ఉద్యోగం అని గీత గీయడం కష్టం.

ఈ అపోహకు రోజువారీ రూపం ఒకటుంది. ఉజ్జీవ సభలకు వెళ్లడానికి జ్వరమని సెలవు చీటీ రాయడం, డ్యూటీ టైములో వాక్యాలు ఫార్వర్డ్ చేస్తూ కౌంటరు ముందు నిలబడ్డ ముసలాయన్ను ఆగమనడం. ఆ ముసలాయన మధ్యాహ్నం బస్సు తప్పిపోతుంది. ఇది భక్తి లెక్కలోకి ఎలా వస్తుందో నాకు బోధపడదు.

అపోహ: పని చేయనివాడికి తిండి పెట్టొద్దని బైబిలే చెప్పింది.

పౌలు థెస్సలొనీక సంఘానికి రాసింది పని చేయడానికి ఇష్టపడనివాళ్ల గురించి. ఒళ్లు వంచకుండా ఇతరుల జోలికి పోతూ తిరిగే విశ్వాసులు ఆ సంఘంలో ఉన్నారు. పని దొరకనివాడూ, చేయలేనివాడూ ఆ మాటలో లేరు. లేవీయకాండమైతే పొలం అంచుల దాకా కోయొద్దనీ, రాలిన పరిగె ఏరొద్దనీ, అది పేదలకూ పరదేశులకూ వదిలేయమనీ ఆజ్ఞాపించింది. తమాషా ఏమిటంటే, పౌలు మాటను 1918 సోవియట్ రాజ్యాంగం కూడా వాడుకుంది, ఇతరుల కష్టం మీద బతికే ధనికుల మీదికి తిప్పి. సందర్భం నుంచి విడదీస్తే వాక్యం ఎవరి చేతికైనా కర్రగా పనికొస్తుంది.

అపోహ: విశ్వాసి అయినవాడు నోరెత్తకుండా పనిచేయాలి. కూలి గురించి అడగడం అసంతృప్తి.

దీనికి ఆధారంగా చూపేది కొలొస్సయులకు రాసిన పత్రిక. మనుషుల కోసం కాక ప్రభువు కోసం చేసినట్టు మనసుపెట్టి పనిచేయమని అక్కడ ఉంది, నిజమే. ఆ మాట చెప్పింది బానిసలతో. అమెరికాలో బానిసల యజమానులు దాన్ని ఎంత ఇష్టంగా చదివించారో చరిత్ర ఎరుగును. వాళ్లు దాటవేసింది తర్వాతి అధ్యాయం మొదటి వచనం: యజమానులారా, మీకూ పైన యజమాని ఉన్నాడు, మీ పనివాళ్లకు న్యాయమైనది ఇవ్వండి అనే హెచ్చరిక. ద్వితీయోపదేశకాండం గడువు కూడా పెట్టింది. బీద కూలివాడి కూలి పొద్దు గుంకేలోపు చేతిలో పడాలి. యాకోబు పత్రికలో ఎగవేసిన కూలి తానే మొరపెడుతుంది, ఆ కేక దేవుడి చెవిన పడుతుంది.

మన నేల మీద దీనికి ఒంగోలు ఉదాహరణ ఉంది. 1876–78 ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని ప్రభుత్వం కరువు పనిగా చేపట్టింది. ఆ తవ్వకంలో దళిత కూలీలకు పని కష్టం ఒక ఎత్తు, మేస్త్రీల దౌర్జన్యం, కూలిలో కోతలు మరో ఎత్తు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ వయసులో ఉండగా సర్వే పని నేర్చినవాడు. కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. తన బోధకులను పనిమీద పెట్టి కొలతలూ కూలి లెక్కలూ సరిగా నడిపించాడు. కరువు పని సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు, కూలి కోసం మతం అనే మాట రాకూడదని. పని ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. వాళ్లను కదిలించింది కరువా, విశ్వాసమా, మనిషిగా చూసిన ఆ పనిచోటా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకోవచ్చు. బోధకుడు కొలబద్ద పట్టుకుని నిలబడ్డాడన్నది మాత్రం వాదనకు అతీతం.

ఇప్పుడు కొన్ని స్కూళ్లలో టీచరు సంతకం పెట్టే మొత్తం ఒకటి, చేతికందేది మరొకటి. అలాంటి స్కూలు గోడ మీద వాక్యం రాసి ఉంటే దోషం తగ్గదు, నా దృష్టిలో పెరుగుతుంది.

అపోహ: రాత్రింబవళ్లు పనిచేసేవాడే నమ్మకమైన దాసుడు.

విశ్రాంతి దినం పది ఆజ్ఞల్లో ఒకటి. ఐగుప్తులో మీరూ దాసులుగా ఉన్నారు కదా, మీతోపాటు మీ దాసులూ విశ్రమించాలి అని ద్వితీయోపదేశకాండం కారణం కూడా చెప్పింది. ఆదివారం ఉదయం ఆరాధన ముగించుకుని, మధ్యాహ్నం టీమ్ మొత్తాన్ని కాల్‌లోకి రమ్మనే మేనేజర్లు ఆ భాగం మళ్లీ చదవాలి.

అపోహ: నిజాయితీగా ఉంటే దేవుడు ప్రమోషన్ ఇస్తాడు.

పోతీఫరు ఇంట్లో యోసేపు నిజాయితీకి దక్కింది జైలు. అక్కడ అతను మేలు చేసిన ఉద్యోగి బయటపడ్డాక అతన్ని రెండేళ్లు మరిచిపోయాడు. దానియేలు పనిలో తప్పు దొరకకనే శత్రువులు అతని ప్రార్థన మీద చట్టం తెచ్చారు. చివర్లో దక్కిన పదవి ముందే తెలిసినట్టు ఈ కథలు చెప్పడం మనకు అలవాటైంది. కొట్లో ఉన్నప్పుడు యోసేపుకు ఆ ముగింపు తెలియదు.

అపోహ: మామూళ్లు తీసుకున్నా అందులో దశమభాగం దేవుడికిస్తే సరిపోతుంది.

జక్కయ్య ముఖ్య సుంకరి, డబ్బున్నవాడు. ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు. అన్యాయంగా పుచ్చుకున్నదేమైనా ఉంటే నాలుగింతలు తిరిగిస్తానన్నాడు, అదీ ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్లకే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయి తడిపి నష్టపోయినవాడికి, చర్చికి కొత్త మైకు సెట్టు వచ్చిందని తెలిస్తే ఏం ఒరుగుతుంది? బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులను ఉద్యోగం మానమనలేదు, నిర్ణయించినదానికి మించి వసూలు చేయొద్దన్నాడు. సైనికులతో, ఎవరినీ బెదిరించి గుంజుకోవద్దన్నాడు, జీతంతో తృప్తి పడమన్నాడు. ఈ మాటను జీతాల పెంపు అడిగేవాళ్లకు చదివి వినిపిస్తుంటారు. యోహాను ఎదుట ఉన్నది చేతిలో ఆయుధమున్నవాళ్లు.

అపోహ: యజమాని దైవభక్తుడైతే ఆ కంపెనీలో అన్యాయం జరగదు.

క్వేకర్లు బేరం లేని ఒకే ధరకు సరుకు అమ్మి, 17వ శతాబ్దం నుంచే ఇంగ్లండ్ వ్యాపారంలో పేరు తెచ్చుకున్న క్రైస్తవ శాఖ. చాక్లెట్ తయారుచేసే క్యాడ్‌బరీ కుటుంబం వాళ్లదే. బోర్న్‌విల్‌లో వాళ్ల ఫ్యాక్టరీ, పనివాళ్ల ఇళ్లు, తోటలు ఆ రోజుల్లో ఆదర్శం. అదే కంపెనీ కోకో గింజల్లో పెద్ద వాటా పోర్చుగీసు పాలనలోని సావో టోమే దీవి నుంచి వచ్చేది. అక్కడి తోటల్లో అంగోలా నుంచి తెచ్చినవాళ్లు కాగితం మీద కాంట్రాక్టు కూలీలు, నిజానికి బానిసలు. 1901లో ఒక తోట అమ్మకానికి వచ్చినప్పుడు ఆస్తుల జాబితాలో కూలీలనూ చేర్చడం విలియం క్యాడ్‌బరీ కంటపడింది. విచారణకు మనిషిని పంపారు, రాయబారాలు నడిపారు, పోర్చుగల్‌పై ఒత్తిడికి బేరం చేతిలో ఉండాలన్నారు. కొనడం మాత్రం 1909 దాకా ఆపలేదు. ఈలోగా స్టాండర్డ్ పత్రిక ఎండగడితే కంపెనీ పరువు నష్టం దావా వేసింది. బర్మింగ్‌హామ్ జ్యూరీ తీర్పు కంపెనీకి అనుకూలంగానే ఇచ్చింది. నష్టపరిహారం ఒక ఫార్దింగు, అంటే పెన్నీలో నాలుగో వంతు.