తాటిపండు రొట్టె

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందును, కొల్లేటి చుట్టుపట్ల గ్రామములందును పొలముగట్లపై తాటిచెట్లు వరుసలు తీరి కనబడును. శ్రావణ భాద్రపద మాసములలో వాటి పండ్లు మ్రగ్గి తమంతట తామే రాలిపడును. ఆ పండ్లతో ఇండ్లలో చేయు రొట్టె రుచికిని, పుష్టికిని పేరొందినది.

పండు ముచ్చిక తీసి, నల్లని తొక్క ఒలిచినచో సాధారణముగా 3 టెంకలుండును. వాటిని విడదీసి కొద్ది నీటితో పిసికినచో పసుపుపచ్చని గుజ్జు దిగును. పీచు లేకుండ దానిని వడకట్టవలెను. చేదుపండు పనికిరాదు, కావున ముందుగా రుచి చూడవలెను. పిమ్మట బియ్యపు రవ్వ, బెల్లపు కోరు, కొబ్బరి తురుము, ఏలకుల పొడి కలిపి, రవ్వ నానువరకు ఉంచవలెను.

మందమైన గిన్నెకు నేయి రాచి, పిండి పోసి, సన్నని సెగపై పెట్టి, మూతమీద నిప్పులు పోయుదురు. ఏల? క్రింది సెగ మాత్రమే ఉన్నచో అడుగు మాడును, పైభాగము పచ్చిగా నుండును. బెల్లము త్వరగా మాడునది. రవ్వ నెమ్మదిగా ఉడుకునది. రెండువైపుల సన్నని వేడియే ఈ చిక్కును తీర్చును. నేటి విద్యుత్తు పొయ్యి చేయు పనియు ఇదియే.

గుజ్జునకు రంగునిచ్చు కెరోటిను మన శరీరములో ఎ విటమినుగా మారును. ఆ విటమిను చాలకాలము లోపించినచో రేచీకటి కలుగును. ఇట్టి పండు చెట్టుక్రింద క్రుళ్లుచుండగా, అంగడిలోని మైదా తినుబండారములతో కడుపు నింపుకొనుట వివేకమా?

టెంకలను సైతము పారవేయరాదు. మట్టిలో పాతరవేసినచో కొన్ని నెలలకు తేగలనిచ్చును. త్రవ్వక విడిచిన టెంకలు చెట్లగును. కాని తాటిచెట్టు కాపునకు వచ్చుటకు 10 ఏండ్లకు పైబడి పట్టును. కావున గట్టుమీది చెట్టును ఊరక నరికినవాడు రాబోవు తరము నోటియొద్ద రొట్టెను లాగివేసినవాడగును.